కోడలి మౌనం మీద నలభై రెండు ప్రశ్నలు

సోఫియా, 9 ఫిబ్రవరి 1983

గ్యుర్గ అక్కకు,

అయిదేళ్ళుగా పండక్కి కార్డు ముక్క కూడా పంపని తోడికోడలు ఉన్నట్టుండి ఇంత లావు కవరు పంపిందంటే ఏదో పని పడి ఉంటుందని అనుకుంటావు. సరిగ్గానే అనుకున్నావు. మిన్చో బావగారి మోకాలి గురించీ మీ గొర్రెల గురించీ ముందుగా అడగాలని నాకు తెలుసు. అడిగినట్టే అనుకో.

మా నిఘంటువు పదకొండేళ్ళలో మూడక్షరాలు దాటి నాలుగోదైన 'గ'కు చేరింది. ఈ నడకన చివరి అక్షరం చూసేసరికి నాకు నూట యాభై ఏళ్ళు దాటుతాయి. మేం ఏం చేస్తామో ఇన్నేళ్ళలో నీకు ఎప్పుడూ చెప్పలేదు కనుక ఇప్పుడు చెబుతాను. మనమూ, రష్యన్లూ, చెక్‌లూ, పోలిష్ వాళ్ళూ విడివిడి జాతులు కాకముందు, సుమారు పదిహేను వందల ఏళ్ళ కిందట, అందరి ముత్తాతలూ ఒకే భాష మాట్లాడేవారు. దాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. నగరాన్ని మనం గ్రాద్ అంటాం, రష్యన్లు గొరొద్ అంటారు, చెక్‌లు కోటను హ్రద్ అంటారు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏ ధ్వని ఎక్కడికి జరిగిందో చూసి, వీటి తల్లి గొర్దు అయి ఉంటుందని తేలుస్తాం. తేల్చి దాని నెత్తిన ఒక నక్షత్రం గుర్తు పెడతాం. ఈ మాటను మాలో ఎవరూ చెవులారా వినలేదని ఆ గుర్తుకు అర్థం. అసెన్ ఉన్నప్పుడు నా ఉద్యోగమేమిటని ఎవరడిగినా, మా ఆవిడ ఎవరూ వినని మాటలు ఏరుతుంది, ఆవిడ మాటలు నేను వినను, అలా సరిపోయింది అనేవాడు.

ఇప్పుడు నా బల్ల మీదున్న మాట గొవేతి. చాలా వింతైన మాట అక్కా. రష్యన్ల దగ్గర అది ఉపవాసమైంది. చెక్‌ల దగ్గర కాళ్ళు బారచాపుకుని హాయిగా కూర్చోవడమైంది. లాటిన్‌లో దీని దూరపు చుట్టం ఒకటుంది, పూజ జరిగే వేళ నోరు కట్టుకోమనడానికి పనికొచ్చేది. మన దగ్గర మాత్రం అది కొత్త కోడలి మౌనం. పెళ్ళై వచ్చిన పిల్ల మామగారి ముందు నోరు విప్పకూడదు. ఆయనే ఒకరోజు ఏదైనా కానుక చేతిలో పెట్టి, "మాట్లాడమ్మా, నీకు సెలవిచ్చాను" అనాలి. అంతదాకా పిల్ల తనంతట తాను అడగకూడదు.

దీని గురించి నలభై రెండు ప్రశ్నలు జతచేశాను. ఊళ్ళో ముసలమ్మల్ని అడిగి రాయి. వీలైతే మామగారినీ అడుగు, నా పేరు మాత్రం ఎత్తకు. ఆయన నాకింకా సెలవివ్వలేదు కదా, నేనే అడిగించినట్టు ఉంటుంది. 1952 అక్టోబరు నుంచీ ఎదురు చూస్తున్నాను. ఆచారం విషయంలో అంత గట్టి మనిషిని నేనెక్కడా చూడలేదు.

నీ పనికిమాలిన తోడికోడలు,
నెవెన


కాలినొవ్ దోల్, 27 ఫిబ్రవరి 1983

నెవెనా,

నీ కవరు వచ్చింది. పోస్టుమాన్ అది కోర్టు నోటీసనుకుని మెట్ల కిందే నిలబడ్డాడు. మోకాలు బాగాలేదు, గొర్రెలు బాగున్నాయి.

ప్రశ్నలు పట్టుకుని మంచులో స్తమెనమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడకు ఎనభై ఎనిమిదేళ్ళు, ఊళ్ళో ఆడవాళ్ళందరికంటే పెద్దది. మొదటి ప్రశ్న వినగానే నవ్వి, నవ్వి, దగ్గు పట్టుకుని నీళ్ళు తాగింది. అదంతా వాళ్ళ నాయనమ్మ కాలం నాటి సంగతట. వాళ్ళమ్మ మూడు రోజులు మాట్లాడకుండా ఉందట, అదీ పంటి నొప్పి కలిసొచ్చి. మిగతా నలభై ఒక్క ప్రశ్నలకూ ఇదే జవాబు రాసుకో. నేను 1946లో ఈ ఇంట్లో అడుగు పెట్టిన సాయంత్రమే కట్టెలు తడిసి ఉన్నాయని మామగారి మీద అరిచాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఇంక అసలు సంగతి. నీ ఉత్తరంలో చివరి నాలుగు వాక్యాలు నేను నాలుగుసార్లు చదివాను. మిన్చో చేత కూడా చదివించాను, నాకే కళ్ళు సరిగా లేవేమోనని. సెలవు ఏమిటి నెవెనా? ఎవరు ఎవరికివ్వాలి? ఈ ఇంట్లో ఆయన పుట్టాక ఎవరూ అలాంటిది చెయ్యలేదు. సోఫియాలో చదువుకున్న పిల్ల, ముత్యాల్లాంటి పళ్ళున్న పిల్ల, ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చి, వంగి చేతిని ముద్దు పెట్టుకుని, ఆ తర్వాత ఒక్క ముక్క మాట్లాడలేదు. రెండో రోజూ మాట్లాడలేదు. తర్వాతి ఏడూ మాట్లాడలేదు. పల్లెటూరివాళ్ళతో మాట్లాడితే నోరు మాసిపోతుందనుకుంటోంది అని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను, ఇప్పుడెందుకు దాచాలి. ఊళ్ళో నీ పేరు జర్మనావిడ. అసెన్‌ని అడిగితే, వాళ్ళిద్దరికీ పడదు, నన్ను లాగకండి అన్నాడు.

ఆయన క్రిస్మస్ నుంచీ పొయ్యి పక్క మంచం దిగడం లేదు. తొంభై ఏళ్ళు. చెర్రీ చెట్లు పూసేదాకా ఉంటే గొప్ప అని డాక్టరు మిన్చోను పక్కకు పిలిచి చెప్పాడు. నువ్వు సెలవు కోసం ఆగావన్న సంగతి ఆయనకు నేనింకా చెప్పలేదు, ఎలా చెప్పాలో తెలియక.

గ్యుర్గ


సోఫియా, 8 మార్చి 1983

అక్కా,

ఇవాళ మహిళా దినోత్సవమని మా పెద్ద సంపాదకుడు ఆడవాళ్ళందరికీ తలా ఒక ఎర్ర పువ్వు ఇచ్చాడు. నాది గ్లాసులో పెట్టి దాన్ని చూస్తూ కూర్చున్నాను. రెండు రోజులుగా నాకు వేరే పని తోచడం లేదు.

పెళ్ళికి వారం ముందు గ్రంథాలయంలో పాత పుస్తకాలు చదివాను. మంచి కోడలు అనిపించుకోవాలని, అక్కా. పట్నం పిల్లకు మర్యాద తెలియదని మీరు అనుకోకూడదని. ఇరవై నాలుగేళ్ళ మూర్ఖురాలు ఎనభై ఏళ్ళ కిందటి పుస్తకాన్ని నమ్మి మీ గుమ్మం ఎక్కింది. ఒక్క మనిషిని, నిన్ను, ఇది ఇప్పటికీ ఉందా అని అడిగి ఉంటే సరిపోయేది. కానీ అడగడం మా వృత్తిలో చివర చేసే పని, ముందు నమ్ముతాం.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఒక్కొక్కటీ గుచ్చుకుంటోంది. 1958లో బస్సు కదులుతుంటే మామగారు కిటికీలోంచి వాల్‌నట్ల సంచి నా ఒళ్ళో పడేశారు. నేను సంతోషించి, ఇంటికెళ్ళి కార్డు మీద 'కానుక, మాట లేకుండా, పాక్షిక విడుదలా?' అని రాసుకున్నాను. ఇంకోసారి పొయ్యి పక్కన, "చలేస్తోందా కోడలా?" అని ఆయనే అడిగారు. అది సెలవిచ్చే వాక్యం కాదు కదా అని తల మాత్రం ఊపాను. ఆ మనిషి నాతో మాట్లాడాలని చూస్తుంటే నేను వాక్యం సరిగ్గా ఉందో లేదో చూశాను.

జర్మనావిడ అన్న పేరు విని ముందు ఏడుపొచ్చింది, తర్వాత సిగ్గుతో నవ్వొచ్చింది. ఆ పాత భాషలో మనవాళ్ళు తమను మాటలున్నవాళ్ళమని పిలుచుకున్నారు, స్లావులన్న పేరు అక్కణ్ణుంచే వచ్చిందని మాలో చాలామంది అంటాం. తమ మాట తెలియని పొరుగువాళ్ళను మూగవాళ్ళన్నారు. జర్మన్లను ఇప్పటికీ మనం ఆ మాటతోనే పిలుస్తాం. ఊరు నాకు శాస్త్రప్రకారమే పేరు పెట్టింది.

ఇంకా ఒకటి ఒప్పుకోవాలి. 1961లో నేనొక వ్యాసం రాశాను. కాలినొవ్ దోల్‌లో ఈ ఆచారం ఈనాటికీ సజీవంగా ఉంది అని. దాన్ని చూపించి ప్రాగ్‌లో ఒకాయన, క్రాకోలో ఇద్దరు వ్యాసాలు రాశారు. సాక్ష్యంగా చూపిన ఆ ఒకే ఒక్క కోడలు నేనే.

ఆ వ్యాసం ఇందులో పెడుతున్నాను. మామగారికి చదివి వినిపించు. అహంకారం కాదు, గౌరవమని అచ్చులో ఉంది, ఆయన నమ్ముతారు. నేనే రావాలి, కానీ నిఘంటువు సంపుటం ఏప్రిల్ పదహారున ప్రెస్సుకు వెళ్ళాలి. అది పంపగానే బయల్దేరతాను.

తల ఎత్తుకోలేని
నెవెన


కాలినొవ్ దోల్, 24 మార్చి 1983

నెవెనా,

ఆ వ్యాసం నువ్వు మళ్ళీ ఒకసారి చదువుకున్నాక పంపితే బాగుండేది.

ఆదివారం భోజనాలయ్యాక మిన్చోను కూర్చోబెట్టి, మామగారి తల కింద రెండు దిండ్లు పెట్టి, గట్టిగా చదివాను. మొదటి పేజీ అంతా రష్యన్లూ చెక్‌లూ. ఓపిగ్గా విన్నాడు. రెండో పేజీలో ఆయనొచ్చాడు. 'మామగారు, దె. మి., వయసు 68, గొర్రెల కాపరి, అరకొర చదువు, ఇంటి మీద కఠినమైన పెత్తనం' అని. నేను ఆపుదామనుకున్నాను, చదవమని చెయ్యి ఊపాడు. ఆ తర్వాత నేనొచ్చాను. 'పెద్ద కోడలు, మాటకారి, ఆమె చెప్పే సమాచారం నమ్మదగినది కాదు' అని. అది నాకు నేనే గట్టిగా చదువుకున్నాను. మిన్చో నవ్వాడు. నాలుగు రోజులుగా అతనికి చల్లారిన బీన్సు సూపే పెడుతున్నాను.

అంతా అయ్యాక మామగారు ఆ కాగితాలు అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత అన్నాడు: "నలభై ఏళ్ళు చర్చిలో నిలబడి పుస్తకం చదివాను. అరకొర చదువా?" ఇంకాసేపటికి, "అంటే అన్నేళ్ళూ నన్ను చూసి రాసుకుందన్నమాట" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు కోపమొచ్చింది, ఆయన మీద జాలీ వేసింది. నీకు తెలియనిది ఒకటి చెబుతాను. అయిదేళ్ళ కిందట అసెన్‌ని పూడ్చిన రోజు అందరూ భోజనాలకు లోపలికి వచ్చాక కూడా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. రమ్మని నేను చెయ్యి పట్టుకుంటే, "అసెన్ పెళ్ళాం ఇటే రావాలి కదా. ఇవాళైనా నాతో ఒక మాట అంటుంది" అన్నాడు. నువ్వు తల వంచుకుని ఆయన ముందు నుంచే బస్సెక్కావు.

ఆయనకు నీ గౌరవం అక్కర్లేదు నెవెనా. అసెన్ సోఫియా వెళ్ళి ఇరవై ఆరేళ్ళు బతికాడు. ఇంటికి రాసిన ఉత్తరాల్లో నాలుగు వాక్యాలు దాటి ఎప్పుడూ రాయలేదు: బాగున్నాను, చలిగా ఉంది, పని ఉంది, ఉంటాను. వాడక్కడ ఎలా బతికాడో తెలిసినదానివి నువ్వొక్కదానివే.

సంపుటం సంగతి నాకు తెలియదు. రా.

నమ్మదగని
గ్యుర్గ


సోఫియా, 31 మార్చి 1983

అక్కా,

నువ్వు నమ్మదగని మనిషివని రాసిన చేత్తోనే ఇది రాస్తున్నాను, క్షమించు. అప్పుడు నిన్నొక ప్రశ్న అడిగితే నువ్వు నవ్వావు. అంత మాత్రానికే రాశాను.

గేటు సంగతి చదివాక ఆఫీసులో ఉండలేకపోయాను. ఆ రోజు నేను మాట్లాడనిది ఆచారం కోసం కాదు. నోరు తెరిస్తే ఏడుపు తప్ప ఏదీ రాదని భయపడ్డాను. ఆయన కొడుకును పోగొట్టుకున్నారు, నేనూ అసెన్‌ని పోగొట్టుకున్నాను. ఇద్దరం రెండడుగుల దూరంలో నిలబడి ఒకరినొకరం దాటిపోయాం. దానికి ఏ పుస్తకమూ బాధ్యత తీసుకోదు. నాదే తప్పు.

పెద్ద సంపాదకుడి దగ్గరికి వెళ్ళి, గొవేతి దగ్గర కాలినొవ్ దోల్ సాక్ష్యం కొట్టేయమన్నాను. ఎందుకన్నాడు. ఆ కోడలు నమ్మదగినది కాదన్నాను. మీకెలా తెలుసన్నాడు. దగ్గర చుట్టమని చెప్పాను. క్రాకోవాళ్ళు దాన్ని ఎత్తి చూపించారు కనుక కొట్టేయడానికి లేదన్నాడు. నేను చచ్చాక కూడా కాలినొవ్ దోల్‌లో కోడళ్ళు మౌనంగా ఉంటారు, ఏం చెయ్యను.

సంపుటాన్ని నాలుగు రోజులకు పక్కవాళ్ళకు అప్పగించాను. శనివారం బస్సుకు వస్తున్నాను. ఆయనకు ముందే చెప్పకు, వద్దంటారేమోనని భయంగా ఉంది. ఇంకో భయం కూడా ఉంది. మాట్లాడడానికి ఆ పాత భాషలో పదకొండు క్రియలు నాకు కంఠతా వచ్చు. లోపలికి వెళ్ళాక మొదట ఏమనాలో ఒక్కటీ రావడం లేదు.

నెవెన


కాలినొవ్ దోల్, 31 మార్చి 1983

నెవెనా,

బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపుతున్నాను. మంగళవారం పొద్దున మామగారికి ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట కూడా పోయింది. డాక్టరు వచ్చి చూసి, మాట ఇక రాదు, మహా అయితే ఒక వారం అన్నాడు. అన్నీ తెలుస్తున్నాయి, వింటున్నాడు, కళ్ళతో వెతుకుతున్నాడు. నీకు సెలవిచ్చేవాళ్ళు ఇంక లేరు. అడక్కుండా రా.

గ్యుర్గ


సోఫియా, 12 ఏప్రిల్ 1983

అక్కా,

నువ్వు నన్ను లోపలికి తోసి తలుపు వేసేసి, ఆ మూడు రోజులూ కొట్టంలోనే ఏవో పనులు కల్పించుకున్నావు. అందుకే లోపలేం జరిగిందో నీకు చెప్పాలి. దారిలో అన్నీ సిద్ధం చేసుకున్నాను, క్షమాపణ మూడు భాగాలు, మధ్యలో గేటు సంగతి. లోపలికి వెళ్ళి, పరీక్ష తప్పిన పిల్లలా మంచం దగ్గర నిలబడ్డాను. ఆయన నన్ను చూశారు. నేను ఆయన్ని చూశాను. సెలవివ్వడానికి ఆయన దగ్గర మాట లేదు. తీసుకోకుండా మాట్లాడడానికి నాకు ధైర్యం లేదు. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది. అప్పుడన్నాను: "మామగారూ, బస్సు ఆలస్యమైంది."

ముప్పై ఏళ్ళు దాటాక ఆయనతో నేనన్న మొదటి మాట అది. ఆయన నోటి ఎడమ మూల కదిలింది. నవ్వో, జబ్బో నాకు తెలియదు. శాస్త్రవేత్తను కనుక ఇక ఊహించి రాయను.

ఆ తర్వాత నాకు ఆగడం చేతకాలేదు. నిఘంటువు పనిలో ఉన్నదాన్ని కదా, నాకు మొదటి నుంచి వరసగా చెప్పడమే వచ్చు. 1952 నుంచి మొదలుపెట్టాను. స్టేషను వెనక గది, పైకప్పు కారేది, అసెన్ గిన్నెలన్నీ వరుసగా పెట్టి ఏ గిన్నె ఏ రాగం తీస్తుందో నాకు చెప్పేవాడు. 53లో మొదటి జీతంతో టోపీ కొనుక్కుని ట్రాములో మరిచిపోయాడు. 55లో బిడ్డ నిలవలేదు. అది ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దన్నాడు, వాళ్ళ నాన్న బాధపడతాడని. అది చెప్పేసరికి మామగారు బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు. నేనూ ఏడ్చాను, దాచుకోలేదు.

విశ్వవిద్యాలయంలో నేను పాఠం చెబితే పిల్లలు ముప్పై ఏళ్ళుగా నిద్రపోతున్నారు. ఆయన మూడు రోజులూ కళ్ళు మూయలేదు. నేను అలిసి ఆగినప్పుడల్లా మంచం కోడు మీద వేలితో కొట్టేవారు. సోమవారం మధ్యాహ్నం 1959 చివరికొచ్చాను, బస్సు హారన్ కొట్టింది. ప్రెస్సువాళ్ళు నన్ను చంపుతారని లేచాను. సరిగ్గా వీడ్కోలు కూడా చెప్పలేదు. నాకు ఈ జన్మకు మర్యాద రాదనుకుంటాను.

ఆయన ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయి.

నెవెన


కాలినొవ్ దోల్, 15 ఏప్రిల్ 1983

చెల్లీ,

వారమే అన్న డాక్టరు నిన్న మళ్ళీ వచ్చాడు. ఇంకా ఉన్నాడేమిటని అడగలేక, మందు మార్చారా అని అడిగాడు. మారిందల్లా నువ్వొచ్చి వెళ్ళడమే అన్నాను. రాసుకోలేదు.

నువ్వు వెళ్ళినప్పటి నుంచీ తలుపువైపే చూస్తున్నాడు. మిన్చో రేడియో తెచ్చి పెట్టాడు, వద్దని కళ్ళు మూసుకున్నాడు. నీ బదులు నేను కూర్చుని మాట్లాడబోయాను, అప్పుడూ మూసుకున్నాడు. నాది ముప్పై ఏడేళ్ళుగా విన్నాడు, తప్పు పట్టను. నిన్న సాయంత్రం నా చెయ్యి లాగి అరచేతిలో వేలితో ఏదో రాశాడు. మూడుసార్లు రాస్తేగానీ నాకు అర్థం కాలేదు. 1960.

చెర్రీ మొగ్గలు ఇంకా విచ్చుకోలేదు. శనివారం బస్సుంది. అసెన్ పోయేదాకా ఇంకా పంతొమ్మిదేళ్ళున్నాయి, నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఈసారి గబగబా చెప్పెయ్యకు నెవెనా. వచ్చినప్పుడల్లా ఒక్క ఏడాదే చెప్పు.

నీ అక్క,
గ్యుర్గ